మా బావ, ఆయన కుర్చీ సినిమా

మా బావ ఇంటి గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంది: టీవీలు, రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేయబడును. అక్షరాలు పెద్దవే, రంగు కూడా వెలవలేదు. అయినా ఎవరో ఒకరు విరిగిన కుర్చీ భుజాన వేసుకుని ఆ మెట్లెక్కుతూనే ఉంటారు. వాళ్ళననీ లాభం లేదు. వీధి మొదట్లో ఎవర్నడిగినా "కుర్చీ మెకానిక్ ఇల్లా? అదిగో, ఆ నీలం తలుపు" అని చూపిస్తారు.

"ఇక్కడ కుర్చీలు బాగుచెయ్యం నాయనా" అని ఒక్క ముక్క చెబితే వచ్చినవాడు వచ్చిన దారినే పోతాడు. మా బావ అలా చెప్పడు. చేతిలోని సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కుర్చీని తిరగేసి, బోర్లా వేసి, కాళ్ళు తడిమి మరీ చూస్తాడు.

"ఇది ఎప్పటిదండీ? వెనక కాళ్ళ వంపు చూస్తే పాతకాలం పనిలా ఉందే."

"మా తాతగారి నాటిదండీ. ఎప్పటికిస్తారు?"

"ఇవ్వడమేమిటి? నేను ఊరికే చూస్తున్నానంతే."

ఈలోగా లోపల్నించి మా అక్క కేక వినిపిస్తుంది. "ఏమండీ! ఆ మనిషిని కుర్చీతో సహా పంపించెయ్యండి. ఇంకోటి లోపలికి వచ్చిందంటే నేను బయటికి పోతాను!"

ఈ గోలంతా ఒక సినిమా వల్ల. పేరు 'ఎదురు గది'. మీరు విని ఉండరు, విననందుకు సంతోషించండి. అప్పుడెప్పుడో నలుపు తెలుపుల కాలంలో తీశారు. దయ్యం సినిమా అని పోస్టరు మీద వేశారు గానీ దయ్యం మాత్రం మచ్చుకైనా కనిపించదు. కథ నేను రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సినిమా వాళ్ళకి ఆ తెలివి లేకపోయింది. ఒక గుమాస్తా మేడ మీద గది అద్దెకు తీసుకుంటాడు. గదిలో ఓ మూల, గోడ వైపు తిప్పి, ఒక కుర్చీ ఉంటుంది. అతను పొద్దున ఆఫీసుకి వెళతాడు, సాయంత్రం వస్తాడు, దీపం వెలిగిస్తాడు, తింటాడు, పడుకుంటాడు. మళ్ళీ వెళతాడు, మళ్ళీ వస్తాడు. వచ్చిన ప్రతిసారీ కుర్చీ కిందటిసారి ఉన్నచోట ఉండదు. ఒక బెత్తెడు మంచం వైపు జరిగి ఉంటుంది. అతను గమనించడు. మనం గమనించి భయపడాలట. చివరికి కుర్చీ మంచం పక్కకి వచ్చేస్తుంది, అతను కళ్ళు తెరుస్తాడు, సమాప్తం. అరుపు లేదు, పాట లేదు, కనీసం తలుపు కిర్రుమన్న చప్పుడైనా సరిగ్గా లేదు. ఆ దర్శకుడు మళ్ళీ ఇంకో సినిమా తియ్యలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద నాకు గౌరవం ఉంది.

హాల్లో వారం తిరక్కుండానే ఎత్తేశారు దాన్ని. ఎత్తేసేలోపు మా బావ చూడటమే మా ఖర్మ. అప్పటికాయన రేడియో షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు. హాల్లో అంతా ఆవలిస్తుంటే తనూ ఆవలించాడట. ఇంటికొచ్చి చొక్కా విప్పి తగిలించబోతుంటే తన గదిలోని కుర్చీ కనిపించిందట. పొద్దున్న దాన్ని ఎక్కడ వదిలి వెళ్ళాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదట. అంతే, ఆ కుర్చీ వైపు చూస్తూ కూర్చుండిపోయాడట. "భయపెట్టే సినిమా హాల్లో భయపెడుతుంది మరదలా. ఇది ఇంటికొచ్చి భయపెట్టింది" అంటాడు. ఎప్పుడడిగినా ఇదే మాట, ఇదే గొంతు, ఇదే చోట ఆగి మన మొహం చూడటం.

ఈ పిచ్చి ఉన్నది ఆయనొక్కడికే అయితే మందో మాకో ఇప్పించేవాళ్ళం. ఊరికొకడు ఉన్నాడు. వాళ్ళలో వాళ్ళకి ఉత్తరాలు, ఫోన్లు, కొట్లాటలు. ఎవడూ చూడని సినిమా కాబట్టి దానికి ఎక్కడ లేని విలువా వచ్చిపడింది. నా లెక్కన ఆ సినిమా చూసినవాళ్ళ కంటే దాని పోస్టరు కోసం వెతికేవాళ్ళే ఎక్కువ. హాలువాళ్ళు పంచిన కరపత్రం, పాటలే లేని సినిమాకి అచ్చువేసిన పాటల పుస్తకం, షూటింగులో వాడారని చెప్పే దీపం బుడ్డి, ఇవన్నీ చేతులు మారుతుంటాయి. నేను పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. బావ పేరు మీద వచ్చిన ప్రతి అట్టపెట్టె ముందు నా బల్ల మీదికి వస్తుంది, అక్కడినుంచి నా చంకలోకి, సాయంత్రం బస్సులో నాతోపాటు ఆ నీలం తలుపు దాకా. ఒకసారి కుర్చీయే వచ్చింది. కండక్టరు దానిక్కూడా టికెట్టు తీసుకోమన్నాడు. బస్సంతా నవ్వు. ఆ రోజు అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

కుర్చీ అంటే ఒకటి కాదు. సినిమాలో వాడిన అసలు కుర్చీ అంటూ మూడు వచ్చాయి ఆ ఇంటికి. ఒకదానికి చేతులున్నాయి, ఒకదానికి లేవు, మూడోది పేముది.

"ఒకే కుర్చీకి మూడు అసలు కుర్చీలేమిటి బావా?" అనడిగాను.

"సినిమాలో అది ఎప్పుడూ చీకట్లోనే ఉంటుంది. సరిగ్గా కనపడదు. అదే మరి దాని గొప్పతనం!"

వాటిని హాల్లో గోడవారగా పేర్చాడు. వాటి మీద ఎవరూ కూర్చోకూడదు. చెయ్యానించకూడదు. కండువా వెయ్యకూడదు. ఇంటికి వచ్చినవాళ్ళు కుర్చీలు చూసి కూర్చోబోతే, మా బావ కొంప మునిగినట్టు పరుగెత్తుకొచ్చి ముందువైపు తన రిపేరు కొట్లోంచి చెక్క బల్ల తెచ్చి వేస్తాడు. అన్ని కుర్చీలు ఉన్న ఇంట్లో నేను ఎప్పుడూ చాప మీదే కూర్చున్నాను. మా అక్క ఒక్కదానికే సొంతంగా ఒక కుర్చీ ఉంది, ఇనప కాళ్ళది, రబ్బరు తొడుగులు ఊడిపోయినది. జరిపితే నేల మీద గీత పడుతుంది.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక కిటికీ తెరలు వేసి, తోటి పిచ్చివాళ్ళ దగ్గర సంపాదించిన కాపీతో టీవీలో ఆ సినిమా పెట్టడం ఆ ఇంటి ఆచారం. తోడుగా నన్ను రమ్మంటారు. మా ఆయన కూడా మొదట్లో వచ్చేవాడు, తర్వాత ఆదివారం వచ్చేసరికి ఆయనకి ఏదో ఒక నొప్పి వచ్చేది. బావ మాత్రం కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు. అన్నేళ్ళుగా చూస్తున్నా కుర్చీ జరిగినప్పుడల్లా "అదిగో!" అనేవాడు. ఆ మనిషికి ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ దగ్గరున్న కాపీలన్నిటిలోనూ సినిమా మధ్యలో ఒకచోట గెంతుతుంది. కుర్చీ కిటికీ దగ్గర ఉంటుంది, గోడ గడియారం గంట కొడుతుంది, తర్వాత చూసేసరికి ఇల్లుగలావిడ దీపం పట్టుకుని మెట్లెక్కుతూ ఉంటుంది, కుర్చీ ఏకంగా మంచం దగ్గర ఉంటుంది. మధ్యలో ఏదో పోయింది. ఈ సేకరణదారుల భాషలో దాన్ని 'పోయిన ముక్క' అంటారు. అందులో కుర్చీ కదులుతూ కనిపిస్తుందని ఒకడు, కుర్చీలో మనిషి కూర్చుని ఉంటాడని ఇంకొకడు. ఆ ముక్క చూడకుండా తను పోతానేమోనని మా బావ బెంగ. మోకాళ్ళనొప్పులకి మందు వేసుకోమంటే వేసుకోడు గానీ, ఈ బెంగతో అన్నం సయించక లేచిపోయిన రోజులున్నాయి.

మొదట్లో మా అక్క ఈ సినిమాకి బద్ధశత్రువు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి చూపించినప్పుడు గుమాస్తా మేడ ఎక్కకముందే నిద్రపోయిందట. తర్వాత ఎన్నో ఏళ్ళు సినిమా నడుస్తున్నంతసేపూ పక్క గదిలో కుట్టుమిషను తొక్కుకునేది. రెడీమేడ్ బట్టల షాపుకి ప్యాంట్లు పొట్టిచెయ్యడం, బొత్తాలు కుట్టడం ఆమె పని. కుర్చీ కదిలే చోట మిషను గట్టిగా తొక్కేది, కావాలనే. నాకు నవ్వాగేది కాదు.

అలాంటిది కొన్నేళ్ళ కిందట మనిషి మారిపోయింది. నడుం నొప్పి అని కుట్టుపని మానేసింది. ఆదివారం వచ్చేసరికి తనే అడగడం మొదలుపెట్టింది. "ఏమండీ, అదే పెట్టండి." బావ ఒక్కోసారి వేరే సినిమా పెడతానన్నా వద్దనేది. పాటలున్నవి వద్దు, ఫైటింగులున్నవి వద్దు, కొత్తవి అసలే వద్దు, అదే కావాలి. తన కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన వేసుకునేది. కొన్నాళ్ళకి పక్కన కాక కాస్త ముందుకి వేసుకుంది. తర్వాత ఇంకాస్త ముందుకి.

బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నా చెవిలో రహస్యంగా అన్నాడు. "చూశావా? మీ అక్క లీనమైపోయింది. కూర్చున్నచోట కూర్చోలేకపోతోంది. సినిమా లాక్కుంటోందమ్మా మనిషిని!" ఈ సంగతి ఊరూరా ఉన్న తన జట్టు అందరికీ ఉత్తరాలు రాశాడు. మా ఇంటావిడ కూడా మనలో చేరిపోయింది, తెర దాకా జరిగి మరీ చూస్తోంది అని. వాళ్ళు తిరిగి అభినందనలు రాశారు. ఆ అభినందనలు కూడా అట్టపెట్టెల్లో కలిసి నా బల్ల మీదికే వచ్చాయి.

నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఒకరితోనే వేగలేకపోతుంటే ఇద్దరయ్యారు. పైగా అక్క ఇంకో కొత్త అలవాటు చేసుకుంది. తెర మీద జరగబోయేది ముందే చెప్పెయ్యడం. "ఇప్పుడు దీపం తగ్గిస్తాడు చూడు." తగ్గించేవాడు. "ఇదిగో, చెప్పులు విప్పి తలుపు పక్కన పెడతాడు." పెట్టేవాడు. బావ తొడ చరుచుకునేవాడు. నేను చాప మీద అటు తిరిగి పడుకునేదాన్ని.

ఇంట్లో వేరే సంగతులూ జరిగేవి. ఏదైనా కాగితం వస్తే అక్క "చేతులు తడిగా ఉన్నాయే, నువ్వు చదువు" అనేది. సూదిలో దారం నన్ను ఎక్కించమనేది. బియ్యం ఏరడం మానేసి రెండుసార్లు ఎక్కువ కడిగేది. వీధిలో ఎదురైనవాళ్ళు ముందు పలకరిస్తేగానీ పలకరించేది కాదు, పొగరెక్కిందని వాళ్ళు నాతో అన్నారు. పట్టుబట్టి కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళాను. మా ముందున్నాయన గోడ మీది అక్షరాల పట్టీ పై నుంచి కిందిదాకా గట్టిగా చదివి వెళ్ళాడు. అక్క వంతు రాగానే పొల్లుపోకుండా చదివేసింది. షాపతను మెచ్చుకున్నాడు. ఆమె పాత కళ్ళజోడే తుడిచి ఇచ్చి పంపేశాడు. ఇవన్నీ విడివిడిగా జరిగాయి. దేనికదే చిన్న సంగతి.

అప్పుడు దిగాడు సంచీ పెద్దమనిషి. జట్టులో అందరికంటే పెద్దవాడు, భుజాన ఒక గుడ్డసంచీ, దాన్ని ఎక్కడా కింద పెట్టడు. భోజనం చేస్తున్నప్పుడు కూడా ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. మూతపడిన ఏదో సినిమాహాలు పడగొడుతుంటే, చెత్తలో 'ఎదురు గది' రీళ్ళు దొరికాయట ఆయనకి. చివర్లు కుళ్ళిపోయాయి గానీ మధ్యభాగం చెక్కుచెదరలేదట. పోయిన ముక్క అందులో ఉంది. దాన్ని డిస్కులోకి ఎక్కించి తెచ్చాడు. మా బావ దగ్గరున్న కాపీలో ముగింపు మిగతా అందరిదాని కంటే శుభ్రంగా ఉంటుంది. ఆ ముక్క ఈయనకి, ఈ ముగింపు ఆయనకి ఇచ్చి మార్చుకోవాలని ఒప్పందం. ముందు ఇద్దరూ చూసి సరేననుకోవాలి, ఆ తర్వాతే చేతులు మారడం. సంచీ పెద్దమనిషి సొంత వస్తువు అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

ఆ ఆదివారం మా బావ గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్ళిలో కూడా అంత కంగారు పడలేదని అక్క అంది. తెరలు వేశాం. సంచీ పెద్దమనిషికి కొట్లోని బల్ల వేశారు, ఆయన గోడవారనున్న మూడు కుర్చీల వైపు గౌరవంగా చూసి బల్ల మీదే కూర్చున్నాడు. నేను చాప మీద. బావ తన పాత స్టూలు మీద. అక్క కుర్చీ అప్పటికి టీవీకి ఎంత దగ్గరగా వచ్చిందంటే మోకాళ్ళు స్టాండుకి తగులుతున్నాయి.

సినిమా నడుస్తోంది. అదే గుమాస్తా, అదే దీపం. అక్క మామూలుగానే ముందు ముందు చెప్పేస్తోంది, పెద్దమనిషి ముచ్చటపడి తలూపుతున్నాడు. కుర్చీ కిటికీ దగ్గరికి వచ్చింది. గడియారం గంట కొట్టింది. బావ స్టూలు అంచుకి జరిగాడు, అది కిర్రుమంది. ఆ చప్పుడు నాకు వినిపించింది.

"ఇదిగో, ఇల్లుగలావిడ మెట్లెక్కుతోంది" అంది అక్క. "చేతిలో దీపం."

తెర మీద మెట్లు లేవు. ఇల్లుగలావిడ లేదు. గదిలో పట్టపగలు, కిటికీలోంచి ఎండ, ఎప్పుడూ చీకట్లో ఉండే ఆ గది అంతా తెల్లగా వెలిగిపోతోంది.

వేళాకోళం చేస్తోందనుకున్నాను. బావ కూడా అలాగే అనుకున్నాడేమో, నవ్వబోయాడు.

"కొంగు సర్దుకుంటుంది చూడండి, అదిగో" అంది అక్క. మొహం తెరకి జానెడు దూరంలో ఉంది. తెల్లటి వెలుతురు ఆ మొహం మీద పడుతోంది. నవ్వుతోంది. "కుర్చీ మంచం దగ్గరికి వచ్చేసింది. చూశారా?"

బావ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఏమోయ్" అన్నాడు చాలా నెమ్మదిగా. "తెర మీద ఏముంది?"

"అదేగా చెబుతున్నాను. ఇల్లుగలావిడ."

"ఉష్!" అన్నాడు సంచీ పెద్దమనిషి తెరమీద నుంచి చూపు తిప్పకుండా.

బావ స్టూలు మీద నుంచి లేచాడు. ముందు అక్క మొహంలోకి చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. అక్క కుర్చీ వెనక నేల మీద ఇనప కాళ్ళు గీసిన గీతలు ఉన్నాయి. స్టూలు పక్కనుంచి మొదలై, ఒకదాని ముందొకటి, ఒకదాని ముందొకటి, టీవీ దాకా. నేను వారం వారం ఆ గీతల పక్కనే చాప వేసుకున్నాను. ఆయన వాటి మీదుగానే టీవీ దాకా వెళ్ళి సినిమా పెట్టేవాడు. సినిమాలో కుర్చీ బెత్తెడు జరిగితే "అదిగో" అనే మనిషి.

అప్పుడు టీవీలోంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఒక్కొక్కటీ, బరువుగా. ఇల్లుగలావిడ ఇప్పుడు మెట్లెక్కుతోంది.

ఆ అడుగులు విని తను ఎక్కడ తప్పిందో అక్కకి అర్థమైంది. వెనక్కి తిరగలేదు. ఒళ్ళో చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"చూశారా! చూశారా!" అంటూ సంచీ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు. "నేను చెప్పలేదూ! ఎంత అద్భుతం! ఆ ఎండలో, ఆ..." అంటూ మా మొహాలు చూసి ఆగిపోయాడు పాపం.

నేను చాప మీంచి లేచాను. దగ్గర్లో ఏదుంటే దానిమీద కూలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే అది ఆ మూడిట్లో చేతులున్న కుర్చీ. ఎవరూ నన్ను లేవమనలేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు బావ.

"మీరేం కంగారు పడకండి" అంది అక్క. "పక్కలకి బాగానే కనిపిస్తుంది. ఎదురుగా చూస్తేనే మధ్యలో మసక. ఇంట్లో పనికేం ఇబ్బంది లేదు."

"మరి సినిమా?"

"అదొక్కటే కదండీ నాకు మొత్తం వచ్చు. కొత్తవి పెడితే ఏం జరుగుతోందో తెలియదు. మిమ్మల్ని అడుగుతూ కూర్చోవాలి."

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "నోట్లో నాలుక లేదా అక్కా నీకు? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను, బయటివాళ్ళున్నారని కూడా చూసుకోకుండా.

అక్క ఇటు తిరిగింది. నన్ను నేరుగా చూడలేదు, చెవి వైపు చూసినట్టు చూసింది. ఇన్నాళ్ళూ అలాగే చూస్తోంది, నేనేమో పరధ్యానం అనుకున్నాను. "ఆయన వారమంతా ఆ కొట్లో తల వంచుకుని కూర్చుంటారు. నా పక్కన కదలకుండా కూర్చునేది ఈ సినిమాకేనే. చెప్పానంటే డాక్టర్లు, మందులు, ఏడుపు మొహాలు. ఆదివారం పోతుంది. ఇంకొన్నాళ్ళు పోనీలే అనుకున్నాను" అంది.

సంచీ పెద్దమనిషి డిస్కు తీసుకుని సంచీలో పెట్టుకున్నాడు. ఒప్పందం మాట ఎత్తలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ "మా చెల్లెలికి కూడా కళ్ళు..." అని ఏదో అనబోయి, అనకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు కంటాసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, ఓపిగ్గా చూసింది. కుడికన్ను మధ్యచూపు పోయిందంది, అది తిరిగి రాదు. ఎడమది సగం దారిలో ఉంది. క్రమం తప్పకుండా ఇంజక్షన్లు చేయిస్తే ఉన్నచోట నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు, చేసి చూడాలంది. 

"ఇంత కాలంగా జరుగుతోంది కదా, ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అనడిగింది.

"గమనించానండీ" అన్నాడు బావ. "కుర్చీ ముందుకి జరుపుకుంటోందని గమనించాను. సినిమా నచ్చిందనుకున్నాను."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను ఇంజక్షన్ల చీటీ అడిగి తీసుకుని బావ చేతిలో పెట్టాను.

మొదటి ఇంజక్షనుకి కంట్లో చుక్కలు వేసి బయట హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. కళ్ళు తెరవొద్దన్నారు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. మా బావ అక్క పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, కాఫీకి కూడా లేవలేదు. నన్నే రెండుసార్లు పంపాడు. మాటా పలుకూ లేదు. అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు ఆ సినిమాయే నయమనిపించింది.

"ఏమండీ" అంది అక్క కళ్ళు మూసుకునే.

"ఊఁ."

"ఆ పోయిన ముక్కలో ఏముంది? కుర్చీ కదిలిందా?"

బావ చేతిలోని ఇంజక్షన్ల చీటీ విప్పి మళ్ళీ మడిచాడు.

"మిమ్మల్నే. నేను బాధపడతానని దాస్తున్నారా? చెప్పండి, ఎవరైనా కూర్చున్నారా అందులో?"

"నేను చూళ్ళేదోయ్" అన్నాడు.

"చూళ్ళేదా?"

"అప్పుడు నేను నిన్ను చూస్తున్నాను."

అక్క ఏడుస్తుందేమోనని నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. నా చెయ్యి విదిలించి కొట్టింది.

"బుద్ధుందా మీకు?" అని అందుకుంది. హాల్లో అందరూ తలలు తిప్పారు. "పెళ్ళయినప్పట్నించీ ఆ ముక్క, ఆ ముక్క అని నా ప్రాణాలు తోడేశారు. అన్నం మానేశారు. ఇంటినిండా కుర్చీలు పెట్టి మనుషుల్ని నేల మీద కూర్చోబెట్టారు. తీరా అది ఇంటికొచ్చి, కళ్ళ ముందు నడుస్తుంటే, నన్ను చూస్తారా? నేనెక్కడికి పోతానని? నన్ను ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు కదా! ఏమే, నువ్వైనా చూశావా?"

"లేదక్కా" అన్నాను.

"దొందూ దొందే! ముగ్గురు కళ్ళున్నవాళ్ళని కూర్చోబెడితే చూసింది ఆ సంచీ ఆయనొక్కడా?"

నర్సు వచ్చి, కళ్ళు నలపొద్దమ్మా, కదలొద్దు అని మందలించింది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, గొంతు తగ్గించి, తిట్టడం మాత్రం ఆపలేదు. మా బావ తల వంచుకుని అన్నీ పడ్డాడు.

"ఇంటికెళ్ళగానే ఆయనకి ఫోను చెయ్యండి. ఆ ముగింపేదో ఇచ్చెయ్యండి, మళ్ళీ తెమ్మనండి. ఈసారి మీరు తెర వైపే చూడాలి. చూసి, కుర్చీ ఎక్కడుందో నాకు సరిగ్గా చెప్పాలి. విన్నారా?"

"అలాగేనోయ్, తెర వైపే చూస్తాను" అన్నాడు మా బావ. ఆ మాట అంటున్నప్పుడు కూడా అక్కనే చూస్తున్నాడు.